బీరపూల వేళకు బోడకాకర

మా ఇంట్లో దీని పేరు మీద ఇంకా రాజీ కుదరలేదు. నేను గోదావరి దానిని, ఆగాకర అంటాను. మా అత్తయ్యది కరీంనగర్ వైపు. ఆవిడకు అది బోడకాకర. పేరేదైతేనేం, ఆషాఢంలో బండి మీద కిలో 300 చెబుతుంటే పావుకిలోతో సరిపెట్టుకునే కూర. ఆ ధర మీద ఉక్రోషంతోనే బాల్కనీలో పెంచుదామనుకున్నాను.

విత్తనాలతో పెంచితే ఏది ఆడ తీగో, ఏది మగ తీగో పూత వచ్చేదాకా తెలియదు. దీంట్లో ఆడపూలు ఒక తీగకి, మగపూలు వేరే తీగకి పూస్తాయి. తాటిచెట్లలో పోతుతాడు, పెంటితాడు ఉన్నట్టే. అందుకే ఎక్కువమంది గడ్డలు పాతుతారు. ఆదిలాబాద్ వైపున్న మా చుట్టాలు ఐదు గడ్డలు పంపారు. మూడు గుట్ట మీద తవ్వినవి, రెండు చెలక గట్టున తవ్వినవి. గుట్ట కాయ గుండ్రంగా, పెద్దగా ఉంటుందట, గింజ తొందరగా ముదరదట. కాకపోతే తీగకి నాలుగంటే నాలుగే. గట్టు కాయ చిన్నది, గింజ ముదిరిపోతుంది, కానీ కణుపు కణుపుకీ కాస్తుంది. ఫోన్‌లో ఈ మాట వినగానే నా బుర్రలో పురుగు తొలిచింది: గట్టు తీగ కాపు, గుట్ట కాయ రుచి ఒకే తీగలో రాకూడదా?

మృగశిర కార్తెలో పాతాను. ఐదూ మొలిచాయి. జులై మధ్యకి మొగ్గలు వచ్చాయి. ముందు మగ తీగలే తొందరపడ్డాయి. మగ మొగ్గను గుర్తుపట్టడం తేలిక. చిన్న ఆకు దొప్పలా ముడుచుకుని మొగ్గను కప్పి ఉంచుతుంది, ముసుగేసుకున్నట్టు. ఆడ మొగ్గ కింద మెత్తటి ముళ్లతో బఠాణీ గింజంత కాయ ముందే ఉంటుంది. లెక్క తేలింది: గుట్టవి రెండు ఆడ, ఒకటి మగ. గట్టువి ఒకటి ఆడ, ఒకటి మగ. పొలంలో అయితే తొమ్మిది పది ఆడ తీగలకి ఒక మగ తీగ చాలంటారు. నాకు ఐదింట్లో రెండు. మగవాళ్లకి కొదవ లేదన్నమాట.

ఆ తర్వాత పది రోజులు నేను చేసింది తలచుకుంటే నవ్వొస్తుంది. గుమ్మడికి, కాకరకి అలవాటైన చేయి కదా, తెల్లారి ఆరింటికే లేచి మగపువ్వు తెంపి, రేకలు తీసేసి, ఆడపువ్వు మధ్యలో పుప్పొడి రుద్దేదాన్ని. మూడో రోజుకి పిందె పసుపుబారి రాలిపోయేది. ఇరవై దాకా రాలాయి. ఎరువు తక్కువైందేమోనని వేపపిండి వేశాను. నీళ్లు ఎక్కువయ్యాయేమోనని తగ్గించాను. మా బాల్కనీకి పావురాల వల, లోపల దోమల మెష్ కూడా ఉన్నాయి. ఏ పురుగూ రాదు కాబట్టి నేను రుద్దితేనే కాయాలి. నేను రుద్దుతూనే ఉన్నాను, అవి రాలుతూనే ఉన్నాయి.

బోనాలకి అత్తయ్య వచ్చారు. పొద్దున్నే నా తంతు చూసి, "ఏం జేస్తున్నవ్ బిడ్డా, వాడిపోయిన పువ్వును పట్టుకొని?" అన్నారు. వాడిపోవడమేంటి, ఇప్పుడే పూసింది కదా అన్నాను. "గది నిన్న పూసింది. బోడకాకర బీరపూలు పూసే యాళ్లకు పూస్తది. గిదేమన్న కాకరనా?"

ఆ సాయంత్రం కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఆరున్నర దాటాక, లైటు వేయాలా వద్దా అనిపించే వెలుతురులో, మొగ్గలు ఒక్కొక్కటే విచ్చుకున్నాయి. సన్నటి వాసన కూడా వచ్చింది. పొద్దున పూట ఆ వాసన నాకెప్పుడూ తగల్లేదు. చీకటిపడ్డాక తిరిగే రెక్కల పురుగుల కోసం పూసే పువ్వును పట్టుకుని, నేను తేనెటీగల వేళకి లేస్తున్నాను!

వేళ కుదిరాక మిగతాది పెద్ద పని కాదు. మగపువ్వు తెంపి రేకలు వెనక్కి విరిచి, నడుమ ఉన్న పసుపు ముద్దను ఆడపువ్వు కీలాగ్రానికి, అంటే పుప్పొడి అందుకునే నడిమి కొనకి, మెల్లగా తాకించడమే. ఒక మగపువ్వు రెండు మూడు ఆడపూలకి వస్తుంది. కుదిరిందా లేదా అన్నది మూడో రోజుకి తెలిసిపోతుంది. కుదిరితే పిందె ఆకుపచ్చగా ఉబ్బుతుంది. పన్నెండు రోజులకి కూరకి సిద్ధం.

తినడానికైతే ఏ మగపువ్వు తాకించినా ఒకటే. కాయ రూపం, రుచి తల్లి తీగవే. తండ్రి గుణం గింజలోకే పోతుంది. కాబట్టి నేను కోరుకున్న సంకరానికి గట్టు ఆడ తీగ మీద నాలుగైదు పూలు చాలు, గుట్ట మగ తీగ పుప్పొడితో. ఇక్కడ ఒక చిక్కుంది. మగ తీగ కాయదు కదా, దాని గుణం ఏం చూసి తెలుసుకోవాలి? దాని పక్కన తవ్విన ఆడ తీగల్ని చూసి, తోడబుట్టినవే అయ్యుంటాయనుకున్నాను. పెళ్లిచూపుల్లో అబ్బాయిని చూపించకుండా వాళ్ల చెల్లెళ్లని చూపించినట్టు.

మొదటి ప్రయత్నం పాడైంది. నేను ముట్టుకోని పువ్వొకటి పిందె కట్టింది! ఎలాగా అని చూస్తే, రాత్రి బట్టలు తీయడానికి మెష్ తలుపు తెరిచి, ట్యూబ్‌లైటు వెలుగుతుండగా వదిలేస్తున్నాం. లైటుకి వచ్చిన రెక్కల పురుగులు రెండు మగ తీగల మీదా తిరుగుతున్నాయి. అంటే నేను పుప్పొడి తాకించి గుర్తుకి దారం కట్టిన పూలలో కూడా ఎవరి పుప్పొడి పడిందో చెప్పలేను. వాటిని కూరలోకి పంపేశాను.

రెండోసారి మధ్యాహ్నమే, మొగ్గ విచ్చకముందే, సంచి తొడిగాను. ప్లాస్టిక్ కవరు కడితే లోపల చెమ్మ పట్టి పువ్వు కుళ్లింది. ఆ తర్వాత నోముల్లో, పుట్టినరోజుల్లో ఇచ్చే రిటర్న్ గిఫ్టు సంచులు గుర్తొచ్చాయి. సన్నటి నెట్ గుడ్డ, నోటికి రిబ్బను. బీరువాలో రెండు డజన్లున్నాయి, పారేయబుద్ధి కాక దాచినవి. ఆడ మొగ్గలకి కట్టాను, ఆ సాయంత్రం వాడబోయే మగ మొగ్గలకీ కట్టాను. మగపువ్వు మీద వేరే పుప్పొడి అంటితే ఇంత శ్రమా వృథా. సాయంత్రం సంచి విప్పడం, తాకించడం, మళ్లీ కట్టడం, కాడకి ఎర్ర దారం చుట్టడం. ఒక పువ్వు నుంచి ఇంకో పువ్వుకి వెళ్లే ముందు వేళ్లు తడిగుడ్డతో తుడుచుకోవడం. ఐదు పూలకి కట్టాను. మూడు నిలిచాయి.

అత్తయ్యకి ఇదంతా పిచ్చిగా కనిపించింది. "మంచి తీగ కావాల్నంటే దాని గడ్డనే కోసి పెట్టుకోరాదు?" నిజమే. ఉన్న తీగనే మళ్లీ కావాలనుకుంటే గడ్డకి మించింది లేదు, తల్లి ఎలాంటిదో పిల్ల అలాంటిదే వస్తుంది. లేని తీగ కావాలనుకున్నప్పుడే ఈ గింజల గొడవ. పైగా వచ్చే మొలకల్లో సుమారు సగం మగవే. ఆ మాట చెప్పగానే ఆవిడ, "ఇంత జేస్తే సగం పోతులేనా!" అని నోరు నొక్కుకున్నారు.

ఎర్ర దారం కాయలు కోయకుండా ఆపడమే అన్నిటికన్నా కష్టమైంది. పన్నెండో రోజున నిగనిగలాడుతుంటే ఎవరికైనా చేయి ఆగదు. నెల దగ్గర పడేసరికి మూడూ నారింజ రంగుకి తిరిగాయి. ఒకటి సంచిలోనే పగిలింది. లోపల నెత్తుటి రంగు గుజ్జు, అందులో నల్లటి గింజలు. సంచి లేకపోతే పక్క కుండీలో పడి పోయేవి. బూడిద కలిపి రుద్ది కడిగి, నీడన ఆరబెట్టాను. మొత్తం 34. వెంటనే పాతితే మొలవవు. పై పెంకు గట్టిది, గింజ కొన్ని నెలలు నిద్రపోవాలి.

డిసెంబరుకి తీగలన్నీ ఎండిపోయాయి. నీళ్లు ఆపేశాను. గడ్డలు మట్టిలోనే ఉన్నాయి. ఖాళీ కుండీ అనుకుని ఎవరైనా కొత్తిమీర చల్లుతారని అత్తయ్య ఒక్కో దాంట్లో ఒక్కో పుల్ల గుచ్చి వెళ్లారు. గింజలు మందు సీసాలో ఉన్నాయి, మీద చీటీ అంటించాను: తల్లి గట్టు, తండ్రి గుట్ట.