గుడ్డు పులుసు, ఒక అరుపు

మొన్న మధ్యాహ్నం ఆఫీసు ప్యాంట్రీలో మైక్రోవేవ్ నుంచి కోడిగుడ్డు పులుసు బయటికి తీసి, వేడెక్కిందో లేదోనని గుడ్డును స్పూన్‌తో నొక్కబోయాను. పక్కన టేబుళ్ళు తుడుస్తున్న మెక్సికో పెద్దావిడ "నో, నో!" అని అరిచి నా చెయ్యి పట్టుకుంది. లంచ్ చేస్తున్నవాళ్ళంతా తలెత్తి చూశారు.

అన్నం ముందున్న మనిషిని అలా గద్దించడం మన ఇళ్ళలో ఉంటుందా? డల్లాస్ వచ్చి మూడేళ్ళయినా ఆ నిమిషం నాకు మొహం చెల్లలేదు. ఆవిడ గిన్నె మీద పేపర్ టవల్ కప్పి, దూరంగా జరిపి, తన చెంప మీద గోధుమగింజంత మచ్చ చూపించి "వేవో" అంది. స్పానిష్‌లో గుడ్డు.

రాత్రంతా అదే ఆలోచన. ఉడికిన గుడ్డును మైక్రోవేవ్‌లో పెడితే పచ్చసొనలోని తడి మరిగే వేడిని దాటిపోతుంది. ఆవిరికి దారి ఉండదు. బయటికి తీశాక కూడా మామూలుగానే కనిపించి, స్పూన్ తగలగానే పేలుతుంది. ఒక్కోసారి పంటి కిందే. పులుసు పట్టాలని అమ్మ గుడ్లకి గాట్లు పెడుతుంది. ఇక్కడ ఆ గాట్లు చాలవు, పచ్చసొన తెగేలా కోయాలి.

పొయ్యి మీదైతే పులుసు కుతకుతలాడటం వినిపిస్తుంది, అడుగంటితే వాసనొస్తుంది. ఈ పెట్టె ఏమీ చెప్పదు. అంచున అన్నం పొగలు కక్కుతుంటే మధ్యలో ముద్ద ఫ్రిజ్‌లోంచి తీసినట్టే ఉంటుంది. తరంగాలు ఒకటి, ఒకటిన్నర అంగుళాలకి మించి లోపలికి పోవు, అక్కడి నుంచి వేడి మెల్లగా పాకాల్సిందే. అందుకే డబ్బా మూత కాస్త వదులుగా పెట్టి, మధ్యలో ఆపి కలిపి, అయ్యాక రెండు నిమిషాలు ఆగాలి. మిగిలిపోయిన కూరలకి 165 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే 74 సెల్సియస్, లోపలిదాకా అందాలని ఇక్కడి వ్యవసాయ శాఖ చెబుతుంది. మూడేళ్ళుగా నేను గిన్నె అంచు ముట్టుకుని తినేస్తున్నాను.

అమ్మకి ఫోన్‌లో చెబితే, పేలే సంగతి కంటే "నిన్నటి కూర తింటున్నావా నాన్నా?" అనే ఎక్కువ బాధపడింది. పులుసు మర్నాటికే కదమ్మా రుచి అన్నాను. గొంతు కాస్త పట్టేసింది.

ఇవాళ గుడ్లు రెండుగా కోసి తెచ్చాను. చిన్న డబ్బాలో ఒక గుడ్డు, కొంచెం అన్నం ఆవిడకి విడిగా పెట్టాను. కారం తగ్గించే చేశాను.