ఆ రాత్రి పులి ఏం తిన్నది?

ఆదివారం.

నెల రోజులుగా ఒకే పేజీ దగ్గర కూర్చున్నాను. కవ్వాల్ అడవిలో ఒక రేచుకుక్కల గుంపు కథ అది. నా కుక్కలు మాట్లాడతాయి, అలుగుతాయి, పోయినవాళ్ళను తలచుకుంటాయి. అంతా బాగానే నడిచింది గానీ వేట దగ్గరికొచ్చేసరికి మొహం పక్కకు తిప్పేసుకున్నాను. "చీకటిపడ్డాక ఒక దుప్పిని పట్టి కడుపు నింపుకున్నాయి." అంతే, ఒక్క వాక్యం. పైగా రేచుకుక్కలు ఎక్కువగా పగటిపూటే వేటాడతాయి, పొద్దుపొద్దున్నే. ఆ చీకటి అడవిలోది కాదు, నేను కప్పిన దుప్పటి.

ఈ జబ్బు ఎక్కడ అంటుకుందో తెలుసు. చిన్నప్పుడు నాయనమ్మ ఆవు-పులి కథ చెప్పేది. దూడకు పాలిచ్చి వస్తానని ఆవు మాటిస్తుంది, ఇచ్చినట్టే తిరిగొస్తుంది, పులి దాన్ని తినదు. అనంతామాత్యుడు భోజరాజీయంలో పద్యాలు కట్టిన కథే ఇది. ఆవు మాట మీద నిలబడిందని ఇంట్లో అందరికీ కళ్ళు చెమర్చేవి. నేను మాత్రం "మరి ఆ రాత్రి పులి ఏం తిన్నది?" అని అడిగి చీవాట్లు తిన్నాను. ఇన్నేళ్ళకు కథ రాయబోతే నేనూ అదే ప్రశ్నను ఎగ్గొట్టాను.

పదింటికి అమ్మ కేక. "పొద్దుగాల్నుంచి ఆ డబ్బా ముందలనే కూసున్నవేంది బిడ్డా? మీ నాయిన బోటి తెచ్చిండు. రా జర."

ఊళ్ళో పది ఇళ్ళవాళ్ళు కలిసి యాటను కోసుకున్నారట. మా వంతు పోగుతో పాటు బోటి కూడా వచ్చింది, మిగతావాళ్ళకు కడిగే ఓపిక లేక. వేడినీళ్ళు పోసి, సున్నం రాసి, తువ్వాల నూగులా ఉండే ఆ నల్లటి పొరను కత్తితో గీకుతూ కూర్చున్నాం. పొట్ట మడతలు తిరగేస్తుంటే సగం నమిలిన గడ్డి బయటపడింది. ఇంకా పచ్చగానే ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే వానకు తడిసిన గడ్డివాము పులిసిన వాసన. చేతులు మూడుసార్లు కడిగినా పోలేదు, ఇది రాస్తున్నప్పుడు కూడా గోళ్ళ సందుల్లో ఉంది.

అప్పుడు వెలిగింది. రేచుకుక్కలు దుప్పిని తిన్నచోట ఆ గడ్డి సంచిని పక్కకు లాగి వదిలేస్తాయని చదివాను. చదివాను గానీ నా కథలో దుప్పికి కడుపే లేదు. నా గుంపు తిన్నది దుప్పిని కాదు, "మాంసం" అనే మాటను.

బోటి పొయ్యి మీద పెట్టాక లెక్క వేశాను. బందీపూర్ అడవుల్లో 1970లలో రేచుకుక్కల వెంట తిరిగి పరిశోధన చేసిన ఎ.జె.టి. జాన్‌సింగ్ రాసిన దాన్ని బట్టి, ఒక్కోదానికి రోజుకు 2 కిలోలకు కాస్త తక్కువ మాంసం కావాలి. నా గుంపులో పెద్దవి 9. అంటే రోజుకు 17 కిలోల దాకా. 45 కిలోల దుప్పిలో ఎముకలు, తోలు, ఆ గడ్డి సంచి పోగా 30 కిలోలు మిగిలితే గొప్ప. రెండు రోజులకు కూడా రాదు. నా కథ 40 రోజులు నడుస్తుంది. ఇరవైకి పైగా వేటలు ఉండాల్సిన చోట నేను రాసింది ఒకటి! మిగతా రోజులన్నీ నా పాత్రలు కబుర్లు తిని బతికాయన్నమాట.

ఇంకో చిక్కు, దుప్పి కూడా మాట్లాడాలా? మాట్లాడితే నా కుక్కలు హంతకులైపోతాయని భయం. మాట్లాడకపోతే మోసం, ఎందుకంటే అదే కథలో కొండముచ్చు చేత మాట్లాడించాను. దీనికి జవాబు "యాట" అనే మాటలో దొరికింది. చికెన్ అనగానే కోడికి ఈకలు రాలిపోతాయి. యాట అలా కాదు, మందలో ఉన్నా యాటే, గిన్నెలో ఉన్నా యాటకూరే. నా కుక్కల భాషలోనూ దుప్పికి ఒకటే పేరు పెట్టాను, పరిగెత్తేటప్పుడూ తినేటప్పుడూ. దుప్పి మాట్లాడుతుంది, అవి వింటాయి. వేట మొదలయ్యాక మాత్రం ఎవరూ మాట్లాడరు. పొదల్లో ఒకదాన్నొకటి పిలుచుకునే ఈలలు, దుప్పుల హెచ్చరిక కూత, అంతే. అవి పులిలాగా గొంతు పట్టి ఒక్కసారిగా ముగించేవి కావు, చుట్టుముట్టి పీకుతాయి. అది రాయడానికి మధ్యాహ్నమంతా పట్టింది. రెండుసార్లు లేచి వెళ్ళి చన్నీళ్ళు తాగాను.

తినే ఘట్టం మాత్రం చకచకా వచ్చింది. పిల్లలు ముందు తింటాయి, పెద్దవి పక్కకు తప్పుకుంటాయి. ఇది నేను కల్పించింది కాదు, రేచుకుక్కల పద్ధతే అది. ఒక పిల్ల ఆత్రంగా గడ్డి సంచి మీద పన్ను వేయబోతే ముసలిది కసురుతుంది: "దాన్ని చింపకు, అంతా కంపైతది." ఈ మాట పొద్దున అమ్మ నాతో అన్నదే, అక్షరం మార్చలేదు.

అన్నాల దగ్గర అమ్మకు చదివి వినిపించాను. బోటి ముక్క నములుతూ విన్నది.

"మరి ఆ ముసల్దానికి ఏం మిగిలింది?"

రాయలేదు. రేపు చూడాలి.