అరగంట ముందే తెరిచే గేటు కోసం

ఫ్లోరిడాలోని వాల్ట్ డిస్నీ వరల్డ్‌లో, ఆ సంస్థ హోటళ్లలో బస చేసేవారిని ఉదయం 30 నిమిషాల ముందుగానే పార్కులోకి అనుమతిస్తారు. అయితే ఆ అరగంట పూర్తిగా దక్కాలంటే హోటల్ నుంచి వెళ్లే మొదటి బస్సుల్లోనే బయలుదేరాలి. అక్కడి పార్కుల్లో ఒకటైన మ్యాజిక్ కింగ్‌డమ్‌కు సొంత కారులో వెళ్లేవారు పార్కింగ్ నుంచి మోనోరైలో, ఫెర్రీయో మళ్లీ ఎక్కవలసి ఉండగా, హోటల్ బస్సు ప్రవేశద్వారానికి దగ్గరలోనే దింపుతుంది. రాత్రి తిరుగు ప్రయాణానికే ఓపిక ఎక్కువ కావాలి. బాణసంచా ముగియగానే జనమంతా ఒక్కసారిగా స్టాపులకు చేరతారు కనుక, మేము కావాలనే కాసేపు లోపల ఉండిపోయాము; ఆ తరువాత దొరికిన బస్సులో, నిద్రపోతున్న పాపను ఒడిలో పెట్టుకొని, మడిచిన స్ట్రోలర్‌ను మోకాళ్ల మధ్య ఇరికించుకొని కూర్చున్నాను. స్ట్రోలర్‌ను ముందే మడిచి ఉంచుకోక, బస్సు వచ్చాక మడవబోతే మాత్రం వెనకవారి చూపులు తప్పవు.