ఆసుపత్రి సంచి సర్దే ముందు

రెండేళ్ల వ్యవధిలో రెండుసార్లు ఆపరేషన్ కోసం ఆసుపత్రిలో చేరాను. మొదటిసారి ఊరికి వెళ్తున్నట్టు సంచి సర్దుకున్నాను. రెండోసారి మాత్రం మంచం దిగలేని, ఒక్క చెయ్యి మాత్రమే ఆడే మనిషికి ఏమేమి అవసరమవుతాయో ఆలోచించి సర్దుకున్నాను. ఆ తేడా ఎంతటిదో అనుభవించాను కనుక, త్వరలో ఆసుపత్రిలో చేరబోయేవారి కోసం ఇది రాస్తున్నాను.

మొదటిసారి నేను తీసుకువెళ్లినవన్నీ తలమీదుగా తొడుక్కునే చొక్కాలే. ఎడమచేతికి క్యానులా పెట్టి సెలైన్ ఎక్కిస్తుండగా బట్టలు మార్చుకోవలసి వచ్చినప్పుడు, నర్సు ఆ సీసాను కొక్కెం నుంచి తీసి, చొక్కా చేతిలోంచి దూర్చి, అవతలివైపు నుంచి లాగవలసి వచ్చింది. ఆ కాస్త సేపట్లోనే సీసా చేతికంటే కిందికి దిగడంతో గొట్టంలోకి రక్తం ఎదురెక్కింది. అది మామూలేనని ఆమె నెమ్మదిగా చెప్పి సీసా పైకెత్తినా, నా గుండెదడ చాలాసేపటి వరకు తగ్గలేదు. ముందువైపు గుండీలు, వదులైన చేతులు ఉన్న చొక్కాలు రెండు మూడు ఉంటే ఈ అవస్థ చాలావరకు తప్పుతుంది. చెప్పులు కూడా జారనివై, వంగకుండా కాలు దూర్చుకోగలిగేవై ఉండాలి.

అయితే ఆ సంచిలో అన్నిటికంటే విలువైనది ఒక కాగితమని నా నమ్మకం. వాడుతున్న ప్రతి మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, రోజుకు ఎన్నిసార్లు, ఏ మందు పడదు, అది వేసుకుంటే ఏమవుతుంది, ఇంతకుముందు జరిగిన ఆపరేషన్లు, ఇంట్లోవాళ్ల ఫోన్ నంబర్లు, ఇవన్నీ అందులో ఉండాలి. డాక్టరు రాయకుండా మనంతట మనం వేసుకునే మాత్రలను, మూలికల మందులను కూడా దాచకుండా రాయాలి, ఎందుకంటే వాటిలో కొన్ని రక్తస్రావాన్ని పెంచవచ్చు. రక్తాన్ని పలచబరిచే మందులు, షుగర్ మందులు ఎప్పుడు ఆపాలో, అసలు ఆపాలో వద్దో డాక్టరే చెప్పాలి తప్ప మనం నిర్ణయించుకోకూడదు. ఒకే ప్రశ్నను నలుగురైదుగురు వచ్చి అడుగుతారు. నీరసంగా ఉన్నప్పుడు ఆ కాగితమే మన తరఫున జవాబు చెబుతుంది.

ముందురోజు రాత్రి చేయవలసినవి కొన్ని ఉన్నాయి. మత్తులో ఉన్నప్పుడు కడుపులోనిది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి జారే ప్రమాదం ఉంది కాబట్టి, మామూలుగా తేలికపాటి ఆహారాన్ని 6 గంటల ముందు, మంచినీళ్లను 2 గంటల ముందు ఆపమంటారు. మీ డాక్టరు అంతకంటే ఎక్కువ సమయం చెబితే అదే పాటించండి. ఒంటిమీద ఆపరేషన్ జరిగే చోట ఉన్న వెంట్రుకలను ఇంట్లో బ్లేడుతో గీసుకోవద్దు. కంటికి కనిపించని గాట్లలో సూక్ష్మక్రిములు చేరతాయి కాబట్టి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా దీన్ని గట్టిగా వద్దన్నాయి. స్నానం మాత్రం తప్పక చేయాలి. వేలికి తగిలించే ఆక్సీమీటరు వెలుతురు సాయంతో రక్తంలోని ఆక్సిజన్‌ను కొలుస్తుంది, గోళ్ల రంగు దానికి అడ్డురావచ్చు కనుక ముందే తుడిచేసుకోవాలి. ఉంగరాలు, నగలు ఇంట్లోనే వదిలి వెళ్లడం మంచిది.

పాత రిపోర్టులు తేదీల వరుసలో పెట్టుకోండి. ఫోన్ చార్జరు తీగ పొడవుగా ఉండాలి, ప్లగ్గు చాలాసార్లు మంచానికి దూరంగానే ఉంటుంది.

సంచిని చివరికి తెరిచేది మనం కాదు, పక్కన ఉండేవాళ్లు. అందుకే రెండోసారి ఏది ఏ అరలో ఉందో మా అమ్మాయికి చూపిస్తూ సర్దాను. కళ్లజోడు, కట్టుడు పళ్లు, వినికిడి యంత్రం వంటివి ఆపరేషన్‌కు ముందు సాధారణంగా తీసేయమంటారు కనుక, ఒక్కొక్కదానికి పేరు రాసిన డబ్బా ఉండాలి. మొదటిసారి నాకు మెలకువ వచ్చాక కళ్లజోడు దొరికేసరికి సాయంత్రమైంది, అంతవరకు చుట్టూ ఉన్నవాళ్లంతా మసకగా కదిలే ఆకారాలే. రెండోసారి కళ్లు తెరిచి వార్డుకు రాగానే అమ్మాయి పక్క అరలోంచి డబ్బా తీసి, అద్దాలు తుడిచి, తానే నా ముక్కుమీద పెట్టింది.