సంతకం నాది, పెంపు వాళ్లది

"మీరు సంతకం చేశారు కదండీ" అని మూడోసారి అన్నాడు ఫోనులో కస్టమర్ కేర్ అబ్బాయి.

చేశాను. బ్రాడ్‌బ్యాండు, టీవీ రెండూ కలిపి 24 నెలల ఒప్పందానికి చేశాను. ఇది 9వ నెల, బిల్లు అప్పుడే పెరిగింది. మధ్యలో నేను మానేస్తే మిగిలిన 15 నెలలకూ రుసుము కట్టాలట. మధ్యలో వాళ్లు పెంచితే మాత్రం నేను సర్దుకోవాలట!

ఒప్పందం బయటికి తీశాను. 11వ పేజీ అడుగున చీమ తలకాయంత అక్షరాలు. ఫోనుతో ఫొటో తీసి, పెద్దవి చేసుకుని చదివాను. ద్రవ్యోల్బణాన్ని బట్టి ఏటా పెంచవచ్చని ఉన్న మాట నిజమే. కానీ అది బ్రాడ్‌బ్యాండు ధర గురించి. టీవీ ఊసే లేదు.

ఆ వాక్యం నెమ్మదిగా చదివి వినిపించాను. అటువైపు నిశ్శబ్దం. తర్వాత వేణువు సంగీతం. (ఈ వారంలో నాకది కంఠతా వచ్చేసింది.)

పదకొండు నిమిషాలకు పై అధికారి వచ్చారు. టీవీ వరకు పాత ధరే ఉంచుతామన్నారు. ఆ మాట రాతపూర్వకంగా పంపమన్నాను. "తప్పకుండా" అన్నారు.

మెయిలు ఇంకా రాలేదు. ఫిర్యాదు నంబరు మాత్రం అరచేతి మీద ఉంది, కాగితం దొరక్క అక్కడే రాసుకున్నాను. అందాకా గిన్నెలు తోమేది లేదని ఇంట్లో చెప్పేశాను.