మాట్లాడనివాళ్ల కోసం మళ్లీ చూసే సినిమాలు

నేను కోర్టులో స్టెనోగ్రాఫర్‌ని. పొద్దున మొదటి కేసు పిలిచింది మొదలు మాట్లాడేవాళ్ల వెంట పరుగెత్తడమే నా ఉద్యోగం. లాయరు అడిగింది, సాక్షి చెప్పింది, జడ్జిగారు రాయించింది, అంతా నా నోటుబుక్కులోకి రావాలి. సాక్షి చెబుతుంటే వెనక బల్ల మీద కూర్చున్న అతని అన్న ముఖం ఎలా పాలిపోయిందో మాత్రం అందులో ఎక్కడా ఉండదు. సాక్షి తీరుతెన్నుల గురించి రాసే వీలు చట్టం జడ్జిగారికి ఇచ్చింది గానీ, వింటూ కూర్చున్నవాళ్ల గురించి రాయమని ఎవరూ అనరు. ఆ లోటు తీర్చుకోవడానికో ఏమో, ఇంటికి వచ్చి సినిమా పెట్టుకుంటే నా కళ్లు మాట్లాడేవాళ్ల మీద నిలవవు.

"కథంతా తెలిసిందేగా, ఎన్నిసార్లు చూస్తావు?" అని మావారు సణుగుతూ ఉంటారు. కథ తెలిసి ఉండటమే నాకు కావాలి. మొదటిసారి చూసేటప్పుడు తర్వాత ఏమవుతుందోనన్న ఆత్రం మన చూపును మాట్లాడేవాళ్ల నోటికి కట్టేస్తుంది. అది తీరితే గానీ పక్కవాళ్ల వైపు తిరిగే తీరిక దొరకదు. మళ్లీ చూడదగ్గ సినిమాకు నా కొలబద్ద ఒక్కటే. డైలాగు లేనివాళ్లు ఏం చేస్తున్నారు? బస్సు కోసం నిలబడ్డట్టు తమ వంతు కోసం నిలబడ్డారా, నిజంగా వింటున్నారా?

ఈ పిచ్చి నాకు 'సాగర సంగమం' దగ్గర పట్టుకుంది. 1983లో వచ్చిన సినిమా. కె.విశ్వనాథ్ దర్శకత్వం, ఇళయరాజా సంగీతం, ఎవరిని అడిగినా చెబుతారు. నేను చెప్పదలచుకున్నది ఆహ్వానపత్రిక సన్నివేశం గురించి. పెళ్లిళ్లలో వంటలు చేసే తల్లి కొడుకు బాలు. నాట్యం తప్ప మరో ధ్యాస లేదు, చూసే దిక్కు లేదు. ఢిల్లీలో జరగబోయే నృత్యోత్సవం ఆహ్వానాన్ని మాధవి అతని చేతికిస్తుంది. మహామహుల బొమ్మలు చూసి మురిసిపోతూ ఒక్కో పుటే తిప్పుతాడు. తిప్పుతూ తిప్పుతూ ఒకచోట ఆగిపోతాడు. అక్కడ ఉన్నది తన బొమ్మ.

మొదటిసారి అందరిలాగే నేనూ కమల్ హాసన్‌ని చూసి కళ్లు తుడుచుకున్నాను. తర్వాత ఎప్పుడు చూసినా నా చూపు జయప్రద మీదే. ఆ పుట ఎక్కడుందో ఆమెకు తెలుసు. ముందే చెప్పేయవచ్చు, లేదా పుట తిప్పి చూపించవచ్చు. ఆ పని చేయదు. అతను తనంతట తాను అక్కడిదాకా రావాలి. తనకు తెలిసిన సంతోషం ఎదుటివాడికి చేరడానికి పట్టే ఆ కాసేపటిని ఆమె దాచుకొని దాచుకొని అనుభవిస్తుంది. ఇంకో సినిమాలో అయితే "బాలూ, నీకొక మంచి వార్త" అని ఆమెతో ముందే చెప్పించి, వెనక వయొలిన్లు మోగించి ముగించేవారు.

ఇదే సన్నివేశం కథ తెలిశాక ఇంకోలా గుచ్చుకుంటుంది. తల్లి మరణంతో ఆ అవకాశం చేజారిపోతుందని, పత్రికలో అచ్చయిన ఆ పేరు వేదిక ఎక్కదని మనకు తెలుసు. తెర మీద ఉన్న ఇద్దరికీ తెలియదు. వాళ్ల సంతోషాన్ని చూస్తూ మనం నోరు మూసుకొని కూర్చోవాలి. మాధవి తెలిసీ చెప్పకుండా ఆగినట్టే మనమూ ఆగాలి, కాకపోతే మన దగ్గర ఉన్నది చెడ్డ వార్త. మొదటిసారి చూసినవాళ్లకు దీంట్లో సగమే దక్కుతుంది.

శరత్‌బాబు 2023 మే నెలలో పోయినప్పుడు మళ్లీ ఇదే సినిమా పెట్టుకున్నాను. బాలు స్నేహితుడు రఘుగా ఆయన చేసిన పనిలో ఎక్కువ భాగం వినడమే. బాలు కోపం వింటాడు, ఏడుపు వింటాడు, తాగి మాట్లాడే మాటలు కూడా వింటాడు. చివర్లో చప్పట్లు మోగుతుంటే అతను ఏం చేస్తాడో సినిమా చూసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. అలాంటి పాత్రకు పొగడ్తలు రావు. "శరత్‌బాబు కూడా ఉన్నాడు" అంటారు, అంతే.

ఇక 'మాయాబజార్'. 1957 నాటి ఈ సినిమా గురించి కొత్తగా చెప్పడానికి ఏముందని మీరనుకోవచ్చు. పింగళి నాగేంద్రరావు మాటలు, మార్కస్ బార్‌ట్లే వెన్నెల, పాండవులు ఒక్కసారీ కనిపించకుండానే నడిచే కథ, ఇవన్నీ చెప్పీ చెప్పీ అరిగిపోయాయి. నేను మా అత్తగారి మాట ఒకటి చెబుతాను. ఆవిడ పాటల కోసం, నగల కోసం చూస్తారు. ఒకసారి మాయా శశిరేఖ వచ్చినప్పుడు ఉన్నట్టుండి, "అమ్మాయ్, ఆ పిల్ల నడక చూడవే, సావిత్రి నడుస్తున్నట్టుందా?" అన్నారు.

లేదు. నడుస్తున్నది ఎస్వీ రంగారావు. సావిత్రి ఇక్కడ వేస్తున్నది శశిరేఖ వేషం కాదు, శశిరేఖ వేషం వేసిన ఘటోత్కచుడి వేషం. 'అహ నా పెళ్లియంట' పాటలో సుశీల గొంతు మధ్య ఘంటసాల గొంతు దూరినప్పుడల్లా ఒళ్లంతా మగవాడైపోతుంది. అంతలోనే తాను ఆడపిల్లనన్న సంగతి గుర్తొచ్చి సర్దుకుంటుంది. పాట సరే, అందరికీ తెలిసిందే. ఈసారి చూసేటప్పుడు పాట లేనిచోట చూడండి. ఇతరులు మాట్లాడుతుంటే ఆమె నిలబడ్డ తీరు చూడండి. సిగ్గు నటిస్తూనే ఉంటుంది, ఆ సిగ్గు వెనక రాక్షసుడికి నవ్వొస్తూ ఉంటుంది. పెళ్లిపీటల మీద లక్ష్మణకుమారుడి కాలు తొక్కడానికి ముందు ఆ ముఖంలోని అమాయకత్వం చూసి తీరాలి. రేలంగి బాధతో గిలగిలలాడేది ఆ తర్వాత, అప్పటికి అందరి కళ్లూ ఆయన మీదికి పోతాయి. ఎస్వీ రంగారావు నడక ఎలా ఉంటుందో, తల ఎలా ఎగరేస్తారో ఆమె ఎంత శ్రద్ధగా గమనించి ఉండాలో ఆలోచించండి.

2010లో వచ్చిన రంగుల ప్రతిని మా అత్తగారు మెచ్చుకున్నారు. నాకు నలుపు తెలుపే ఇష్టం. రంగులు వచ్చాక కన్ను చీరల మీదికి, కిరీటాల మీదికి పోతుంది, ముఖాలు వెనకబడతాయి. ఈ విషయంలో మా ఇంట్లో రాజీ లేదు.

'శంకరాభరణం' (1980) గురించి రెండు మాటలతో సరిపెడతాను, ఎందుకంటే రాయడం మొదలుపెడితే ఆగను. అందులో తులసిగా మంజుభార్గవికి మాటలు చాలా తక్కువ. అయినా సోమయాజులుగారు పాడుతున్నప్పుడు ఆ పాట ఎంత గొప్పదో మనకు తెలిసేది ఆమె వినికిడి వల్లే. సంగీతం తెలియని నాలాంటివాళ్లకు ఆమె చూపే పాఠం. ఇంకొకరు అల్లు రామలింగయ్య. నవ్వించడానికే పుట్టారనుకున్న మనిషి, ఇక్కడ స్నేహితుడి పక్కన కూర్చొని అతని మొండితనాన్ని ఓపికగా భరిస్తూ, తిట్టాల్సినప్పుడు తిడుతూ ఉంటారు.

కొత్త సినిమాల్లో నా ఓటు 'కేరాఫ్ కంచరపాలెం'కు. 2018లో వెంకటేష్ మహా తీశారు. విశాఖపట్నంలోని ఆ పేటలోనే, ఎక్కువగా అక్కడి మనుషులతోనే. ఇంకా చూడనివాళ్లు ఇక్కడ ఆగి, తర్వాతి పేరా వదిలేయండి. చివరి మలుపు చెప్పేస్తున్నాను, తర్వాత నన్ను తిట్టవద్దు.

బడిపిల్లవాడు సుందరం, యువకుడు జోసెఫ్, మద్యం దుకాణంలో పనిచేసే గడ్డం, యాభైకి దగ్గరపడినా పెళ్లి కాని అటెండరు రాజు. నాలుగు ప్రేమకథలు అనుకొని చూస్తాం. చివరికి నలుగురూ ఒక్కడే. థియేటరులో ఆ క్షణాన నేను ఆశ్చర్యపోయాను, సరే, అది దర్శకుడి గెలుపు. మలుపు మీదే బతికే సినిమాలు రెండోసారికి చచ్చిపోతాయి, ఇది కూడా అంతే అనుకున్నాను. తీరా మళ్లీ చూస్తే అసలు సినిమా అప్పుడు మొదలైంది. పెళ్లి కాలేదని ఊరంతా రాజు గురించి తలో మాటా అంటుంటే, మొదటిసారి మనకు అతనొక పాపం మనిషి. రెండోసారి, ఆ మాటలు వింటున్న మనిషి వెనక ముగ్గురు ఆడవాళ్లు ఉన్నారని మనకు తెలుసు. సునీత, భార్గవి, సలీమా. అన్నవాళ్లెవరికీ తెలియదు. అతను బదులు చెప్పడు. సుబ్బారావుగారి ముఖంలో పెద్ద కదలిక కూడా ఉండదు. ఒక్క దృశ్యం మార్చకుండా, మనకు తెలిసిన ఒక్క సంగతితో అతని మౌనమంతా మారిపోయింది. సాక్షుల మౌనం రోజూ చూసే నాకు ఇది ఎంత నచ్చిందో వేరే చెప్పాలా?

హాస్యం చాలామంది డైలాగుల కోసం మళ్లీ చూస్తారు. జంధ్యాల 'అహ నా పెళ్లంట' (1987), మాయాబజార్ పాట మాటలనే పేరుగా పెట్టుకున్న సినిమా, మా ఇంట్లో అందరికీ కంఠతా. వేలాడదీసిన కోడిని చూస్తూ కోట శ్రీనివాసరావు ఉత్త అన్నం తినే ఘట్టం వస్తే మావారు కూడా సణుగుడు ఆపి వచ్చి కూర్చుంటారు. నాకిప్పుడు నవ్వొచ్చేది అరగుండు వేషంలోని బ్రహ్మానందాన్ని చూసి. యజమాని పిసినారి లెక్కలు చెబుతుంటే బుద్ధిగా వినే ఆ ముఖం వెనక తిట్ల దండకం ఎలా తయారవుతుందో చూడండి. తిట్టే సమయానికి నా నవ్వు సగం అయిపోయి ఉంటుంది.

చిన్న సలహా. పక్కన నిలబడ్డవాళ్లు కనిపించాలంటే ఫోనులో చూడకండి. అంత చిన్న తెర మీద రెండో వరుసలోని ముఖం గోరంత కూడా ఉండదు. టీవీలో చూసినా సెట్టింగులు సరిచూసుకోండి. పాత నలుపు తెలుపు చిత్రాలను వెడల్పు టీవీకి సాగదీస్తే సావిత్రి ముఖం కూడా అప్పడమైపోతుంది. రెండు పక్కలా నల్లని ఖాళీ వస్తే రానివ్వండి. దీనికి తిరగబడ్డ దుర్మార్గం ఒకప్పుడు ఉండేది. సినిమాస్కోపు చిత్రాలను పాత టీవీ కొలతకు పట్టించడానికి రెండు అంచులూ కోసేసేవారు. అంచుల్లో ఎవరుంటారు? వినేవాళ్లే. అలా చూసి వదిలేసిన సినిమాలు మీ దగ్గర ఉంటే, ఇప్పుడు పూర్తి వెడల్పుతో దొరికినప్పుడు ఇంకోసారి చూడండి.

ఈ ఆదివారం అత్తగారు 'గుండమ్మ కథ' పెట్టమన్నారు. సూర్యకాంతం మాట్లాడుతున్నంతసేపూ ఘంటయ్య వేషంలోని రమణారెడ్డినే చూస్తానని చెప్పాను. "నువ్వు ఎవరిని చూసినా నాకెందుకుగానీ, సౌండు మాత్రం తగ్గించకు" అన్నారావిడ.