ఆడవాళ్ళను చేర్చుకోం అన్నారు

నేను తాగడం మానేసి పదకొండు నెలలైంది. భయం చాలావరకు తగ్గింది, కోపం మాత్రం తగ్గలేదు. అందుకే రాస్తున్నాను.

ఎలా మొదలైందో పెద్దగా చెప్పను. నిద్ర పట్టక మొదలుపెట్టాను. చివరికి నిద్ర లేవగానే గ్లాసు కావాల్సి వచ్చింది. అంతకు ఏడాది ముందు నుంచే మనసు బాగుండేది కాదు. స్నానం చేయాలన్నా, ఫోన్ ఎత్తాలన్నా కొండ ఎక్కినట్టుండేది. దాన్ని డిప్రెషన్ అంటారని తెలియదు.

అమ్మకూ అక్కకూ తెలిసిన రోజు ఏడ్చి ఒట్టు వేశాను, ఇక ముట్టనని. ఆ మాట మీద నిలబడ్డాను కూడా. దానివల్లే ప్రాణం మీదికి వచ్చింది.

మొదటి రోజు చేతులు వణికాయి. రెండో రోజు చెమటలు, వాంతులు. "ఒంట్లో విషం పోతోందమ్మా, ఓర్చుకో" అంది అమ్మ. మూడో రాత్రి గోడ నిండా చీమలు కనిపించాయి. తుడుస్తున్నకొద్దీ వస్తున్నాయి. ఎప్పుడో పోయిన నాన్న పక్క గదిలోంచి పేరు పెట్టి పిలుస్తున్నాడు. వెళ్ళబోతుంటే అక్క తలుపుకు అడ్డం నిలబడింది. "మీరెవరండీ, దారి ఇవ్వండి" అన్నానట. పుట్టి బుద్ధెరిగాక అక్కను 'మీరు' అన్నది లేదు. అరిచినా కొట్టినా అంత భయపడేదాన్ని కాదు, ఆ 'మీరు'తో కాళ్ళు చల్లబడ్డాయి అని ఇప్పటికీ అంటుంది.

అంబులెన్సులో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న, చివరిసారి ఎప్పుడు తాగిందని. అక్క వేళ్ళమీద గంటలు లెక్కపెట్టి చెప్పింది. రోజూ బాగా తాగేవాళ్ళు ఒక్కసారిగా ఆపేస్తే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చట. 48 నుంచి 96 గంటల మధ్య ఇలా మతి తప్పవచ్చట, ప్రాణమూ పోవచ్చట. ముందు బి1 విటమిన్, అంటే థయమిన్ ఇంజెక్షన్ ఇచ్చి, ఆ తర్వాతే గ్లూకోజు పెట్టారు. వణుకు తగ్గడానికి డయజెపామ్ ఇచ్చి, రోజురోజుకీ మోతాదు తగ్గించారు. ఆ డాక్టరమ్మ మమ్మల్ని ఒక్క మాట అనలేదు. ఆమె చల్లగా ఉండాలి.

దయచేసి ఇది గుర్తుపెట్టుకోండి: ఏళ్ళ తరబడి రోజూ తాగుతున్న మనిషి చేత ఇంట్లో ఒట్టు వేయించి, గదిలో పెట్టి మాన్పించకండి. డాక్టరుకు చూపించాకే ఆపించండి.

డిశ్చార్జి కాగితం మీద తాగుడు మాన్పించే చికిత్సకు, అంటే డి-అడిక్షన్‌కు చూపించుకోవాలని ఒక ముక్క రాశారు. ఎక్కడో, ఎంతవుతుందో లేదు. అక్క ఫోన్లు మొదలుపెట్టింది. ఒకచోట మూడు నెలల డబ్బు ముందే కట్టమన్నారు. ఇంకోచోటికి అమ్మ నన్ను వెంటబెట్టుకుని వెళ్తే, ఆడవాళ్ళను చేర్చుకోం అన్నారు. అంతటితో ఊరుకోలేదు. "ఆడపిల్ల ఇంతదాకా వచ్చిందంటే ఇంట్లో పెంపకం ఎలా ఉందో మరి" అన్నాడు బల్ల దగ్గర కూర్చున్న మనిషి, కాగితాల్లోంచి తల కూడా ఎత్తకుండా. అమ్మ ఏమీ అనలేదు. బయటికొచ్చాక మెట్ల మీద కూర్చుండిపోయింది. ఆ తర్వాత నాలుగు రోజులు సరిగా మాట్లాడలేదు. నన్నేమన్నా మర్చిపోయేదాన్ని. ఆ మాటను మాత్రం క్షమించలేను.

తర్వాత ఒక మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్తే, ముందు తాగుడు పూర్తిగా మాను, డిప్రెషన్ సంగతి తర్వాత చూద్దాం అన్నాడు. తాగుడు మాన్పించేచోట, ముందు డిప్రెషన్ తగ్గించుకుని రమ్మన్నారు. రెండూ ఒక్క మనిషిలోనే ఉన్నాయని ఎవరికి చెప్పుకోవాలి?

చివరికి అక్క నేనున్న వార్డుకే వెళ్ళి నర్సును అడిగింది. "అయ్యో, మా వెనక బ్లాకులోనే మానసిక విభాగం ఉందమ్మా, రెండూ చూస్తారు, సోషల్ వర్కర్‌ని కలవండి" అందామె. పదకొండు రోజులు ఆ గోడకు ఇవతల పడుకున్నాను. ఒక్కరూ చెప్పలేదు. ఆమె చెయ్యి పట్టుకుని దండం పెట్టాలనిపించింది, మిగతావాళ్ళ మీద అరవాలనిపించింది.

సోషల్ వర్కర్ మా ఆదాయం అడిగి దాన్నిబట్టి ఫీజు వేయించారు. మందులు అక్కడే ఇచ్చారు. వారం వారం నాతో మాట్లాడింది డాక్టరు కాదు, శిక్షణ తీసుకున్న ఆరోగ్య కార్యకర్త. నాకు నమ్మకం కుదరలేదు. తర్వాత చదివాను, జింబాబ్వేలో డిక్సన్ చిబాండా అనే సైకియాట్రిస్టు 2006లో అమ్మమ్మల వయసు ఆడవాళ్ళకు శిక్షణ ఇచ్చి, క్లినిక్ ఆవరణలో బెంచీల మీద కూర్చోబెట్టి మనసు బాగాలేనివాళ్ళతో మాట్లాడించారట. దానివల్ల డిప్రెషన్ తగ్గిందని 2016లో వచ్చిన అధ్యయనం చెప్పింది. మా కార్యకర్త దగ్గరా అదే ఓపిక చూశాను.

ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగ్‌లకూ వెళ్తున్నాను. 1935లో అమెరికాలో ఇద్దరు తాగుబోతులు ఒకరికొకరు ఆసరాగా మొదలుపెట్టిన సంస్థ అది, అందులో ఒకరు సర్జన్. ఫీజు లేదు. మొదటిరోజు మాట్లాడలేకపోయినా ఎవరూ బలవంతపెట్టలేదు. మనకంటే పెద్ద శక్తి ఒకటుందని నమ్మమంటారు. నాన్న పోయాక దేవుడితో మాట్లాడటం మానేసిన నేను మళ్ళీ మొదలుపెట్టాను.

ఎవరైనా వెతుకుతుంటే ఫోన్‌లోనే అడిగేయండి. తాగుడు, మనసు రెండూ మీరే చూస్తారా? ఫీజు ఆదాయాన్నిబట్టి తగ్గుతుందా? ఆడవాళ్ళను చేర్చుకుంటారా? వార్డు నుంచి ఇంటికి పంపాక ఎవరు చూస్తారు? విసుక్కుంటే ఇంకోచోట అడగండి. తాగుడు మాన్పించడానికి ఇచ్చే డైసల్ఫిరామ్ మాత్ర నాకు తెలియకుండా భోజనంలో కలిపి పెట్టమని అమ్మకు ఒకావిడ సలహా ఇచ్చింది. ఆ మాత్ర వేసుకున్న మనిషి తాగితే గుండెదడ, వాంతులు, బీపీ పడిపోవడం, ఒక్కోసారి ప్రాణాపాయం. మనిషికి చెప్పకుండా ఇవ్వకూడదని మా డాక్టరు గట్టిగా చెప్పారు. అమ్మ ముందే అడిగింది కాబట్టి బతికిపోయాను.

ఇప్పుడు రాత్రిళ్ళు నిద్ర పడుతోంది. పడుకునే ముందు అమ్మ నా మాత్రల డబ్బా తెచ్చి, లైటు కింద పెట్టి లెక్కపెడుతుంది. నేనూ పక్కనే కూర్చుంటాను. ఒక్కోసారి లెక్క తప్పి మళ్ళీ మొదటినుంచి మొదలుపెడుతుంది.